నాగోల్ ఇల్లా, మియాపూర్ ఫ్లాటా, కొల్లూర్ టవరా: ఏది మేలు?

మూడు నెలలుగా మా ఆదివారాలన్నీ ఇళ్లు చూడటానికే సరిపోయాయి. హైదరాబాద్ అంతా తిరిగి తిరిగి చివరికి మూడు తేల్చుకున్నాం. నాగోల్‌లో 133 గజాల్లో ఇండిపెండెంట్ ఇల్లు, మియాపూర్‌లో పన్నెండేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, కొల్లూర్‌లో ఇంకా కడుతున్న టవర్‌లో పద్దెనిమిదో అంతస్తు. మా వారి ఆఫీసు రాయదుర్గంలో. నేనూ పాపా బడికి వెళ్లిపోతే పగలంతా ఇంట్లో ఉండేది మా అత్తమ్మ. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అందుకే ప్రతి ఇల్లూ మొదట ఆవిడ కళ్లతోనే చూశాను.

మ్యాప్‌లో నాగోల్ ఊరికి ఆ చివర కనిపిస్తుంది. కానీ మెట్రో బ్లూ లైన్ మొదలయ్యేది అక్కడే, ముగిసేది రాయదుర్గంలో. మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది, ఎక్కడా దిగి ఎక్కే పని లేదు. మియాపూర్ దగ్గరే అయినా మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి, అదీ ఆఫీసు వేళ జనంలో. బండి తీస్తే కొండాపూర్ ట్రాఫిక్. కొల్లూర్‌కు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది, కారున్నవాళ్లకు హాయి. మెట్రో మాత్రం అక్కడికి లేదు. ప్రయాణం ఒక్కటే లెక్కైతే నా ఓటు నాగోల్‌కే.

నాగోల్ ఇల్లు మొదటిసారి చూసినప్పుడు అందరికీ నచ్చింది. తూర్పు ముఖం, వాకిట్లో ముగ్గుకు చోటు, పైన అద్దెకిచ్చుకునే పోర్షన్. నేను మళ్లీ మంగళవారం మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్లాను. పన్నెండున్నరకు హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి గోడ తగులుతోంది. బయటికొచ్చి కాంపౌండ్ గోడ చూస్తే, మోకాలి ఎత్తు వరకు కొత్త రంగు, ఆపైన వెలిసిన పాత రంగు. ఎదురింటి పెద్దమ్మను అడిగాను. "2020లో వానలకు నీళ్లు లోపలికి వచ్చినయ్ బిడ్డా, ఫ్రిజ్ తేలింది" అంది. ఆ ఏడాది అక్టోబర్ వానలకు నాగోల్ వైపు కాలనీలు మునిగిన సంగతి నాకు తెలుసు. ఈ గల్లీ కూడా వాటిలో ఉందని మాత్రం తెలియదు. అదే నాగోల్‌లో కాస్త మెరకన ఇల్లు దొరికితే ఈ రోజుకీ దానికే మొగ్గుతాను.

కొల్లూర్‌లో మోడల్ ఫ్లాటు చూస్తే కళ్లు తిరుగుతాయి. గాలి, వెలుతురు, పార్కు, ఈత కొలను, కరెంటు పోతే జనరేటర్. అందంలో దానికి సాటి లేదు. బిల్డర్లను అదుపులో పెట్టే రెరా చట్టం పుణ్యమా అని కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం వాడుకునే చోటు, ఎంతో కూడా కాగితం మీద రాసి చూపిస్తున్నారు. నా గుండెల్లో రాయి పడింది మిగతా లెక్కల దగ్గర. కడుతున్న ఫ్లాటు కాబట్టి ధర మీద 5 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌కు మరో 7.5 శాతం. తాళాలు చేతికొచ్చేదాకా ఇటు అద్దె, అటు ఈఎంఐ. చేరాక చదరపు అడుగుకు 4 రూపాయల చొప్పున మెయింటెనెన్స్ అన్నారు. 1,650 అడుగులకు నెలకు 6,600. పైగా బాల్కనీలో బట్టలు ఆరేయకూడదట. పప్పులు, వడియాలు ఎండబెట్టుకునే మా అత్తమ్మ ఆ మాట విని ఇంకేమీ అడగలేదు.

మియాపూర్ ఫ్లాటుకు అందం తక్కువే. బాత్రూమ్ టైల్స్ మార్చాలి, లిఫ్టు పాతది. పేరుకు 1,250 అడుగులు, గోడ నుంచి గోడకు టేప్ పట్టి కొలిస్తే 930. కానీ రెండు వైపులా కిటికీలున్నాయి, వంటింటి వెనక వాష్ ఏరియాలోకి మధ్యాహ్నం ఎండ పడుతుంది. సందు చివర మెడికల్ షాపు, కూరగాయల బండ్లు, డాక్టరు. ఆటో పిలవకుండా అత్తమ్మ నడిచి వెళ్లగలదు. మంజీరా నీళ్లొచ్చే నల్లా ఉంది. ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని తెప్పించారో వాచ్‌మన్‌నూ, కింది ఫ్లాటు ఆవిడనూ విడివిడిగా అడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్పారు. పాతది కాబట్టి జీఎస్టీ లేదు. భూమిలో మా వాటా 45 గజాలు. కొల్లూర్ టవర్‌లో అందులో సగం కూడా రాదు. బిల్డింగ్ పాతబడేకొద్దీ విలువ నిలబెట్టేది ఆ గజాలే కదా.

అందుకే చివరికి మియాపూర్ వైపే మొగ్గాం. మా వారికి రోజూ అమీర్‌పేటలో రైలు మారే అవస్థ తప్పదు. ఆయన దానికి ఒప్పుకున్నారు. బయానా ఇంకా ఇవ్వలేదు. ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే ఈసీ 30 ఏళ్లకు తీయించి, లింక్ డాక్యుమెంట్లతో (పాత అమ్మకాల కాగితాలతో) కలిపి లాయర్‌కు ఇచ్చాం. ఈ వారం గట్టి వాన పడితే ఆ మియాపూర్ సందులోకి మరోసారి వెళ్లి నిలబడి చూసొస్తాను.