ఆయుష్మాన్ వయ వందన కార్డు: 5కి 4 మార్కులు

తమ్ముడు ఆదాయపన్ను కట్టడం మొదలయ్యాక అమ్మ బియ్యం కార్డు పోయింది. దాంతో ఉచిత వైద్యమూ పోయినట్టే, ఇక ఆసుపత్రి ఖర్చంతా మా నెత్తినే అనుకున్నాం. 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన ఈ ఆరోగ్య బీమా కార్డుకు ఆదాయంతో పనిలేదు, 70 నిండితే చాలు. ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం. గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే కూర్చుని ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ నంబరు కొట్టి, ఓటీపీ ఇచ్చి, అమ్మ ఫొటో తీస్తే కార్డు వచ్చేసింది.

వయసుకి ఆధారే లెక్క. పెద్దమ్మకి 74, ఆధార్‌లో 68! ఎంత మొత్తుకున్నా లాభం లేదు, ముందు అది దిద్దించుకోవాల్సిందే.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, ఓపీకి, నెలనెలా బీపీ బిళ్లలకి ఇది పనికిరాదు. పైగా ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో "ఆ కార్డు ఇక్కడ చెల్లదమ్మా" అన్నారు. చేరేముందే ఈ కార్డు చెల్లే ఆసుపత్రుల జాబితాలో ఆ ఆసుపత్రి పేరుందో లేదో చూసుకోండి.