మోకాలి వైద్యానికి 34 మెట్లు: భీమవరం ఫిజియోథెరపీ సెంటర్ గురించి ఏడాది తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ సెంటర్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్ళూ నడుములూ బాగుచేసే చోటికి 34 మెట్లు ఎక్కి వెళ్ళాలి. లెక్కలో తేడా రాదు, చంకల కింద కర్రలు పెట్టుకుని ఒక్కోటీ లెక్కపెడుతూ ఎక్కినదాన్ని. మొదటిరోజు మా నాన్న కింద నిలబడి పైకి చూసి, "ఇదేంటమ్మా, కాళ్ళు బాగున్నోళ్ళకే వైద్యం చేస్తారా ఇక్కడ?" అన్నారు. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, తగ్గించిన ఆ ఒక్కటీ మెట్లకే. మిగతా కథ కాస్త పెద్దది. మోకాలి లోపల ఎముకల్ని కట్టిపట్టే లిగమెంటు, అదే ఏసీఎల్, తెగినవాళ్ళకి, అందులోనూ కాలేజీ టీమ్‌లో ఆడుతూ సీజన్ పోయిందని దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మాది వీరవాసరం దగ్గర పల్లెటూరు. బీటెక్ చదువుతూ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పోస్ట్‌లో (బుట్టకి దగ్గరగా ఉండే చోటు) ఆడేదాన్ని. మా వైపు వాలీబాల్ అంటే ఊరంతా వస్తుంది గానీ బాస్కెట్‌బాల్ అంటే "ఆ బుట్టలో బంతేసేదా?" అంటారు, అది వేరే సంగతి. 2024 సెప్టెంబర్‌లో, ఇంటర్ కాలేజియేట్‌కి ఇంకా రెండు వారాలుందనగా, సాయంత్రం ప్రాక్టీస్‌లో రీబౌండ్‌కి (బుట్టలో పడక తిరిగొచ్చే బంతికి) ఎగిరి దిగుతూ పక్కకి తిరిగాను. నేను తిరిగాను, కాలు మాత్రం సిమెంట్ కోర్టు మీద అక్కడే ఉండిపోయింది. లోపల టప్‌మని ఒక శబ్దం. పక్కనున్న అమ్మాయికి కూడా వినపడిందట. విచిత్రమేంటంటే పది నిమిషాల్లో నొప్పి తగ్గింది, లేచి నడిచాను కూడా. రాత్రి హాస్టల్‌కి వెళ్ళేసరికి మోకాలు చిన్న కొబ్బరిబోండం అంత అయింది.

ఇక్కడే నేను చేసిన తప్పు. దగ్గర్లో ఉందని ఇంకో ఫిజియో సెంటర్‌కి వెళ్ళాను (పేరు రాయను, ఇప్పుడు గొడవెందుకు). వాళ్ళు "కండరం పట్టేసింది" అన్నారు. ఆరు వారాల పాటు రోజూ కరెంటు పెట్టారు. నాలుగు ప్యాడ్‌లు అంటించి, మెషిన్ ఆన్ చేసి, ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. చీమలు పాకినట్టు హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ తెగిన లిగమెంటు కరెంటుకి అతుక్కోదు కదా. మధ్యలో మా పెద్దమ్మ పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించమంది. అది ఎముకలు విరిగినవాళ్ళకే పెద్దమ్మా అని ఒప్పించడానికి ఒక దీపావళి పట్టింది. ఆ లోపు ఇంటర్ కాలేజియేట్ అయిపోయింది. మావాళ్ళు ఆడుతుంటే నేను సైడ్ బెంచీ మీద కూర్చుని స్కోరు షీటు రాశాను.

నవంబర్‌లో ఈ సెంటర్‌కి వచ్చాను. డాక్టరు గారు (ఫిజియో అయినా అందరం అలాగే పిలుస్తాం) ఏ మెషినూ ఆన్ చేయలేదు. పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని ఇంకో చేత్తో పిక్కని ముందుకి లాగారు. మంచి కాలికీ అలాగే చేశారు. అటు లాగితే ఠక్కున ఆగింది. ఇటు లాగితే అరిగిపోయిన తలుపు గడియలా జారింది, నాకే తెలిసిపోయింది. "ఎమ్మారై తీయించమ్మా, ఇది తెగింది అనుకుంటున్నా" అన్నారు. మొత్తం మూడు నిమిషాలు పట్టింది. ఆరు వారాలు పోయింది ఈ మూడు నిమిషాల పని ఎవరూ చేయక. ఎమ్మారైలో అదే వచ్చింది, ఏసీఎల్ పూర్తిగా తెగింది. తొడ ఎముకనీ కింది ఎముకనీ మోకాలి మధ్యలో కట్టిపట్టి, కింది ఎముక ముందుకి జారకుండా చూసేది అదేనట. ఇలా గెంతి, దిగి, గిర్రున తిరిగే ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకే ఎక్కువగా తెగుతుందని కూడా అప్పుడే తెలిసింది.

వెంటనే ఆపరేషన్ అంటారనుకున్నా. కాదు. ముందు వాపు దిగాలి, కాలు పూర్తిగా చాచగలగాలి, బిగుసుకుపోయిన మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత ఇంకా బిగుసుకుంటుంది అన్నారు. సెమిస్టర్ పరీక్షలు కూడా ఉన్నాయి. చివరికి 2025 సంక్రాంతి వెళ్ళాక విజయవాడలో చేశారు. నా తొడ వెనక కండరం నుంచే ఒక నరం లాంటిది తీసి (డాక్టర్లు టెండాన్ అంటారు) లోపల కొత్త లిగమెంటుగా వేశారు. ఊళ్ళో పందేలు అయిపోయి, కోళ్ళకి కుట్లేసే టైములో నాకూ కుట్లేశారు అని మా తమ్ముడు ఇప్పటికీ జోకులేస్తాడు.

అసలు రివ్యూ ఇక్కడ్నుంచి. ఆపరేషన్ ఎవరు చేశారన్నది ఎంత ముఖ్యమో, తర్వాత మీ కాలు ఎవరి చేతుల్లో పడుతుందన్నదీ అంతే ముఖ్యం. మొదటి నెల ఇక్కడ చేయించేది చూడ్డానికి ఏమీ ఉండదు. మడమ కింద టవల్ చుట్ట పెడతారు, మోకాలి మీద రెండు కిలోల ఇసుక సంచి పెడతారు, పది నిమిషాలు అలా వదిలేస్తారు. అంతే. ఆ పది నిమిషాలు పైన ఫ్యాను రెక్కల మీద దుమ్మెంతుందో కూడా లెక్కపెట్టాను, అంత నొప్పి. రోజూ డాక్టరు గారు మోకాలి కింద వేళ్ళు పెట్టి చూసేవారు. మొదటి రోజు మంచానికీ మోకాలికీ మధ్య నాలుగు వేళ్ళు దూరాయి. తర్వాత మూడు. ఒక వారం మూడు దగ్గరే ఆగిపోయింది, ఆ వారం ఎవరితోనూ మాట్లాడలేదు. నెల తిరిగేసరికి ఒక్క వేలు కూడా దూరలేదు. జీవితంలో ఏ మ్యాచ్ గెలిచినప్పుడూ అంత అరవలేదు, పక్క మంచం మీద ఆకివీడు మామ్మగారు ఉలిక్కిపడి లేచారు.

ఆ మామ్మగారి గురించి చెప్పాలి. ఉదయం తొమ్మిది దాటాక ఇక్కడంతా మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళే. "ఏం ఆటాడతావమ్మా" అని అడిగారు. చెప్పాను. "ఆయ్, బుట్టలో బంతేస్తారు అదేనాండి? మరి అంత పొడుగున్నావ్, ఎగరడం దేనికి?" అన్నారు. 5 అడుగుల 9 అంగుళాలకి రింగు ఎంత ఎత్తులో ఉంటుందో, 3.05 మీటర్లని ఆవిడకి ఎలా చెప్పను.

అమ్మాయిలకి: ఇక్కడ ఒక మేడమ్ కూడా ఉన్నారు, సాయంత్రం పూట. అడిగితే ఆవిడే చేస్తారు, కర్టెన్ వేసిన గది ఉంది. మా అమ్మకి ఇదొక్కటే పెద్ద టెన్షన్, తీరిపోయింది. సిట్టింగ్‌కి నా దగ్గర 300 తీసుకున్నారు. మొదటి రెండు నెలలు వారానికి ఆరు రోజులు, తర్వాత మూడు, తర్వాత ఒకటి. ఎక్కువ సిట్టింగులు రమ్మని లాగలేదు, ఇంట్లో చేసుకోగలిగినవి నేర్పి పంపేశారు. అపాయింట్‌మెంట్ టైము మాత్రం పేరుకే, అయిదున్నర అంటే ఆరుంపావు. నాలాంటి బస్సు వాళ్ళకి అది కష్టమే.

ఇక 2025 ఆగస్టు. ఏడో నెల. నేను పరిగెడుతున్నాను, మెట్లు రెండేసి ఎక్కుతున్నాను, నొప్పి లేదు. ఫైనలియర్, బీటెక్‌లో ఆఖరి సీజన్. సెలక్షన్స్‌కి మా కాలేజీ ఆటల సారు, పీడీ సార్, పిలిచారు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకో చాలు అన్నారు. ఇంట్లో అందరూ రెడీ. డాక్టరు గారు సర్టిఫికెట్ రాసేలోపు ఒక్క పని చెయ్యమ్మా అని నేల మీద టేపు పరిచారు. ఒంటికాలితో గెంతి, ఆ కాలి మీదే దిగి నిలబడాలి. మంచి కాలు 118 సెంటీమీటర్లు. ఆపరేషన్ కాలు 96. మూడుసార్లు గెంతాను, మూడుసార్లూ అంతే, పైగా దిగినప్పుడల్లా మోకాలు లోపలికి వాలిపోతోందట, ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూపించారు. మంచి కాలిలో 81 శాతం. కనీసం 90 ఉండాలి, తొమ్మిది నెలలు నిండాలి, రెండూ లేవు, సర్టిఫికెట్ రాయను అన్నారు.

నేను ఏడ్చాను, అరిచాను కూడా. నొప్పే లేనప్పుడు ఎందుకు వద్దంటున్నారు అన్నాను. నొప్పి పోవడం వేరు, లోపల వేసిన ముక్క లిగమెంటుగా మారడం వేరు, బాగుందనిపించే ఈ టైములోనే ఎక్కువమంది మళ్ళీ తెంచుకుంటారు అన్నారు. అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఆడే క్లే థాంప్సన్ సంగతి నాకు తెలుసు, 2019 ఫైనల్స్‌లో ఏసీఎల్ తెంచుకుని, తిరిగొచ్చేలోపే మడమ పైనున్న అకిలెస్ తెంచుకుని, 941 రోజుల తర్వాత 2022 జనవరిలో కోర్టులో అడుగుపెట్టాడు. ఆయనకి ఉన్నన్ని రోజులు నాకెక్కడివి అన్నాను. అప్పుడాయన ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి, "నీకెన్ని ఉన్నాయో రాద్దాం, పుట్టిన తేదీ చెప్పు" అన్నారు.

2005 మార్చి. మన ఇంటర్ యూనివర్సిటీ ఆటలకి ఆ ఏడాది జూలై 1 నాటికి 25 నిండకూడదు. ఏళ్ళు వరసగా రాసుకుంటూ వెళితే 2029 జూలైకి కూడా నాకు 24 ఏ. 2026 నుంచి ఏడాదికొకటి చొప్పున కాగితం మీద నాలుగు గీతలు గీశారు. కానీ వయసొక్కటే చాలదు, ఎక్కడో ఒకచోట రెగ్యులర్ స్టూడెంట్‌ని అయి ఉండాలి, డిగ్రీ పుచ్చుకుని ఇంట్లో కూర్చుంటే ఆ గీతలు దండగ. అంటే పీజీలో చేరాలి. (మీ కేసులో మిగతా రూల్స్ కూడా ఉంటాయి, మీ పీడీ గారిని అడిగి చూసుకోండి.)

ఇదంతా డల్లాస్‌లో ఉన్న మా బాబాయి కొడుక్కి ఫోన్‌లో చెబితే, "అక్కా, ఇక్కడైతే రెడ్‌షర్ట్ అడిగేవాళ్ళు" అన్నాడు. అమెరికా కాలేజీల్లో అప్పటికి ఉన్న పద్ధతి ప్రకారం అయిదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. సీజన్ సగం కాకుండానే దెబ్బ తగిలి, అప్పటికి 30 శాతం మ్యాచ్‌లు మించి ఆడకుండా ఉంటే, కాగితాలు పెట్టుకుని ఆ సీజన్ లెక్కలోంచి తీయించుకోవచ్చు, వాడు చెప్పిన రెడ్‌షర్ట్ అదే. స్పీకర్‌లో విన్న మా నాన్న "ఎర్రచొక్కా అంటే పార్టీలో చేరాలా?" అన్నారు. మనకి అలా పోయిన సీజన్ తిరిగిచ్చే కాగితం లేదు. క్యాలెండర్ దాని దారిన అది తిరుగుతూనే ఉంటుంది. నాకు బీటెక్‌లో రెండు సీజన్లు పోయాయి, ఒకటి దెబ్బకి, ఒకటి ఈ డాక్టరు గారి మొండితనానికి. ఆ రెండోదానికి ఆయన మీద కోపం ఒక నెల ఉంది, అబద్ధమెందుకు.

విచిత్రంగా ఆయన వైపు మాట్లాడింది మా నాన్నే. మాకు రొయ్యల చెరువు ఉంది (కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, తక్కువైతే రొయ్య పెద్దదని). "నలభై కౌంటు వచ్చే చెరువుని తొందరపడి వంద కౌంటులో పట్టేస్తే ఏమొస్తుందే, ఆగు" అన్నారు. పీడీ సార్‌కి నాన్నే ఫోన్ చేసి చెప్పారు. పీడీ సార్ ఇంకెవరి దగ్గరైనా సర్టిఫికెట్ రాయించమన్నారట, నాన్న వద్దన్నారు.

నవంబర్‌లో మళ్ళీ టేపు పరిచారు. మంచి కాలు 121, ఆపరేషన్ కాలు 112. దాదాపు 93 శాతం. అప్పుడు కూడా ఒకేసారి మ్యాచ్ ఆడనివ్వలేదు. ముందు ఒంటరిగా షూటింగ్, తర్వాత ఎవరూ తగలకుండా డ్రిల్స్, డిసెంబర్‌లోనే గుద్దుకునే ఆట. మొదటిసారి రీబౌండ్‌కి ఎగిరినప్పుడు గాల్లో ఉండగానే భయమేసింది, దిగాక వేయలేదు. ఇప్పుడు 2026 ఫిబ్రవరి, జూనియర్లతో రోజూ ఆడుతున్నా, పక్కనే పీజీ ఎంట్రన్స్ పుస్తకాలు కూడా చదువుతున్నా. సీటు వస్తే ఆడతాను, రాకపోతే సంగతి అప్పుడు చూద్దాం.

మైనస్‌లు: మెట్లు చెప్పాను. బాత్రూమ్‌లో పట్టుకోడానికి కమ్మీ లేదు, ఒంటికాలి వాళ్ళకి అది నరకం. కరెంటు పోతే జనరేటర్ ఫ్యాన్లకి మాత్రమే. ఆటగాళ్ళకి కావలసిన బరువులు తక్కువ, కాళ్ళతో బరువు తోసే లెగ్‌ప్రెస్ మెషిన్‌కి నేను వేరే జిమ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. బిల్లు చేత్తో రాసిస్తారు, కాలేజీలో డబ్బులు వెనక్కి అడిగేవాళ్ళు తేదీలు, ముద్ర సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

ఇంకో మాట. ఆదివారం సెలవు, గురువారం సాయంత్రం కూడా ఒక్కోసారి తీయరు, బోర్డు పెట్టరు. కింద మందుల షాపులో అడిగి ఎక్కండి. నేను రెండుసార్లు 34 మెట్లూ ఎక్కి, తాళం చూసి దిగొచ్చాను. రెండోసారి అంటే పోయిన వారమే, చూసేవాళ్ళెవరూ లేరు కదా అని ఆఖరి రెండు మెట్లూ దూకేశాను.