ఆబ్లెట్లా, సిల్వానీలా, డేకోస్‌లా? ఫూటీలో ఏ తండ్రీకొడుకుల జోడీ మేలు?

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటున్న మన తెలుగు తండ్రులు చాలామంది చలికాలం శనివారాల్లో పిల్లల్ని ఆస్‌కిక్ అనే పిల్లల ఫూటీ శిక్షణకు తీసుకొచ్చి, గీత అవతల కాఫీ కప్పులు పట్టుకుని నిలబడతారు. ఫూటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, నియమాల గురించి అడిగే రోజులు దాటిపోయాయి. ఇప్పుడు వాళ్లకు క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టూ తెలుసు, పాయింట్ల పట్టికా తెలుసు. పిల్లల ఆటను చూస్తూ చూస్తూ ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న మాత్రం ఏటా ఒకటే: ఈ ఆటలో తండ్రీకొడుకులు ఇంతమంది ఉన్నారు కదా, అందరిలోకీ గొప్ప జోడీ ఎవరిది? అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు కనుక, ఈసారి కొంచెం నిదానంగా రాస్తున్నాను.

ముందుగా కొలత ఏమిటో తేల్చుకోవాలి. ఇద్దరి ఆటలనూ, గోల్స్‌నూ, పతకాలనూ కూడి చూడడం సులువైన పద్ధతి. అలా చూస్తే ఎసెండన్ క్లబ్‌కు ఆడిన ఫ్లెచర్లను దాటడం కష్టం: కెన్ 264 ఆటలు, డస్టిన్ 400 ఆటలు, వెరసి 664. అయితే కూడికలో ఒక లోపం ఉంది. ఒకరు శిఖరమై ఇంకొకరు మామూలు ఆటగాడిగా మిగిలినా మొత్తం పెద్దదిగానే కనిపిస్తుంది. ఫుట్‌స్క్రే క్లబ్‌కు 321 ఆటలు ఆడి, మొత్తం లీగ్ శతాబ్దపు జట్టుకు కెప్టెన్‌గా ఎంపికైన టెడ్ విట్టెన్ ఎంతటివాడో అందరికీ తెలుసు. ఆయన కొడుకు టెడ్ జూనియర్ అదే క్లబ్‌కు 144 ఆటలు నిజాయతీగా ఆడాడు, కానీ తండ్రి పేరు పక్కన పెడితే ఆ జోడీని ఈ చర్చలోకి తెచ్చేవారు ఉండరు. అందుకే నేను కూడికను పక్కనపెట్టి ఒక్కటే అడుగుతాను: ఇద్దరిలో తక్కువవాడు ఎంతటివాడు? రెండోవాడు అసలు పుట్టనే లేదనుకున్నా, ఆ తక్కువవాడు ఆట చరిత్రలో తన కాళ్ల మీద నిలబడతాడా? జోడీ గొప్పతనం అక్కడే తేలుతుందని నా నమ్మకం.

ఈ కొలత పెట్టగానే మనసుకు ఎంతో దగ్గరైన ఒక జోడీ పక్కకు తప్పుకుంటుంది. రాన్ బరాసీ సీనియర్ మెల్‌బోర్న్ క్లబ్‌కు 58 ఆటలు ఆడి, 1940 ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచిన జట్టులో ఉండి, మరుసటి ఏడాది టోబ్రుక్‌లో యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి కొడుక్కి ఐదేళ్లు. నివాస ప్రాంతాన్ని బట్టి ఆటగాళ్లను క్లబ్బులు పంచుకునే ఆ రోజుల్లో, ఆ పిల్లవాడు తండ్రి క్లబ్‌కే రావాలన్న మెల్‌బోర్న్ పట్టుదల వెనుక ఉండగా 1949లో, కొడుకు తండ్రి క్లబ్‌కే ఆడేలా వీలు కల్పించే తండ్రీకొడుకుల నియమం పుట్టింది. తండ్రికి సహచరుడైన నార్మ్ స్మిత్ ఆ కుర్రవాణ్ణి తన ఇంట్లో పెట్టుకున్నాడు, తరువాత కోచ్‌గా తీర్చిదిద్దాడు. తండ్రి వేసుకున్న 31వ నంబరు జంపరే వేసుకుని ఆడిన కొడుకు మెల్‌బోర్న్‌కు ఆరు ప్రీమియర్‌షిప్‌లు గెలిచిపెట్టాడు, కోచ్‌గా కార్ల్‌టన్‌కు రెండు, నార్త్ మెల్‌బోర్న్‌కు రెండు తెచ్చాడు. బరాసీలు లేకపోతే ఈ వ్యాసంలోని మిగతా పేర్లలో సగం వేరే క్లబ్బుల చరిత్రల్లో ఉండేవి. అయినా 58 ఆటలకే యుద్ధం ఆపేసిన తండ్రి ఆటను కొడుకు ఆటతో సమానంగా తూచడం ఇద్దరికీ న్యాయం కాదు. ఆ జోడీకి ఇవ్వవలసింది స్థానం కాదు, కృతజ్ఞత.

అసలు పోటీ సిల్వానీలకూ ఆబ్లెట్లకూ మధ్యనే. కార్ల్‌టన్ అభిమానులతో వాదించిన ప్రతిసారీ వాళ్ల పక్షంలో ఎంత బలం ఉందో నాకు మళ్లీ తెలిసివస్తుంది. ఇటలీ మూలాలున్న కుటుంబం నుంచి వచ్చిన సెర్జియో సిల్వాని 239 ఆటలు ఆడి 1968, 1970 ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు. ఆయన కొడుకు స్టీఫెన్ 312 ఆటలు ఆడి 1987, 1995 ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు, ఇంకా ఆడుతూ ఉండగానే 1996లో శతాబ్దపు జట్టులో ఫుల్ బ్యాక్ స్థానం దక్కించుకున్నాడు. ఇద్దరిదీ ఒకే క్లబ్, ఇద్దరి వీపు మీదా ఒకటో నంబరే. చెరి రెండు ప్రీమియర్‌షిప్‌లు. మనుమడు జాక్ కూడా అదే నంబరుతో కార్ల్‌టన్‌కు ఆడాడు. వంశం, విధేయత, విజయం మూడూ ఒకేచోట కావాలనుకునేవారికి ఇంతకంటే నిండైన కథ ఈ ఆటలో దొరకదు.

పైగా సిల్వానీల చేతిలో 1995 గ్రాండ్ ఫైనల్ అనే బలమైన సాక్ష్యం ఉంది. ఆ ఏడాది జిలాంగ్‌కు ఆడే గ్యారీ ఆబ్లెట్ సీనియర్ 122 గోల్స్ కొట్టి, అత్యధిక గోల్స్‌కు ఇచ్చే కోల్‌మన్ మెడల్‌ను వరుసగా మూడోసారి గెలుచుకుని ఆ మధ్యాహ్నం ఎం.సి.జి.లో అడుగుపెట్టాడు. ఎదురుగా నిలిచినవాడు స్టీఫెన్ సిల్వాని. ఆట ముగిసేసరికి కార్ల్‌టన్ 61 పాయింట్లతో గెలిచింది, ఆబ్లెట్ ఖాతాలో ఒక్క గోల్ కూడా లేదు. ఒక జోడీలోని కొడుకు ఇంకో జోడీలోని తండ్రిని, అదీ ఏడాదిలోకెల్లా పెద్ద రోజున, ఇలా కట్టడి చేయడం వాదన కోసం కల్పించినట్టు ఉంటుంది కానీ నిజంగా జరిగింది. జిలాంగ్ పక్షాన మాట్లాడేవారెవరైనా ముందు ఈ మధ్యాహ్నానికి సమాధానం చెప్పి తీరాలి.

నా సమాధానం నేను ఎంచుకున్న కొలతలోనే ఉంది. సిల్వానీలలో తక్కువవాడు సెర్జియో. ఆయన కార్ల్‌టన్ చరిత్రలో పెద్ద పేరు, రెండుసార్లు క్లబ్ ఉత్తమ ఆటగాడు. కానీ కార్ల్‌టన్ గోడ దాటి, మొత్తం ఆటలోనే తన తరానికి మొదటివాడని ఆయన గురించి ఎవరూ అనరు. ఇక ఆబ్లెట్లలో తక్కువవాడు ఎవరు? జిలాంగ్‌లో ఈ ప్రశ్న అడిగి చూడండి. వయసును బట్టి జవాబు మారుతుంది, వాదన మాత్రం ఆగదు. నా దృష్టిలో తూకం అక్కడే తేలిపోయింది, ఎందుకంటే తక్కువవాడెవరో తేల్చలేని జోడీ ఈ ఆటలో ఇంకొకటి లేదు.

తండ్రి సంగతి చూద్దాం. 1989 గ్రాండ్ ఫైనల్‌లో ఆయన తొమ్మిది గోల్స్ కొట్టాడు. గోర్డన్ కోవెంట్రీ 1928లో నెలకొల్పిన రికార్డుకు అది సమానం. ఆ ఆటలో ఒక గోల్‌ను నేను రికార్డింగులో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బౌండరీ నుంచి అంపైర్ బంతిని లోపలికి విసిరాడు. మామూలుగా అది రక్‌మెన్ (గాలిలో బంతి కోసం ఎగిరే పొడగరులు) ఇద్దరి మధ్య జరిగే పోటీ, మిగిలినవాళ్లు కిందపడే బంతి కోసం కాచుకుంటారు. ఆబ్లెట్ కాచుకోలేదు. ఆ ఇద్దరి తలల దగ్గరే బంతిని గాలిలో లాక్కుని, ఆ ఊపు చెదరకుండానే గోల్ వైపు తన్నేశాడు. పక్కనున్నవాళ్లు ఏం జరిగిందో గ్రహించేలోపే బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లిపోయింది. జిలాంగ్ ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయింది, గ్రాండ్ ఫైనల్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ మెడల్ మాత్రం ఓడిన జట్టులోని ఆయనకే ఇచ్చారు. 1993లో కోచ్ మాల్కమ్ బ్లైట్ ఆయనను ఫుల్ ఫార్వర్డ్‌కు పంపాక, 17 ఆటల్లోనే 124 గోల్స్ వచ్చాయి. అదే ఏడాది ఎసెండన్ మీద ఒక్క ఆటలో 14 గోల్స్ కొట్టినా జట్టు ఓడింది. 1989, 1992, 1994, 1995 గ్రాండ్ ఫైనల్స్ నాలుగూ ఆడి నాలుగూ ఓడిన ఆయనకు ఒక్క ప్రీమియర్‌షిప్ కూడా దక్కలేదు, సీజన్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో మెడల్ కూడా రాలేదు.

ఇంత పెద్ద నీడ కిందికి 2001 డ్రాఫ్ట్‌లో కొడుకు వచ్చాడు. ల్యూక్ హాడ్జ్, ల్యూక్ బాల్, క్రిస్ జడ్ మొదటి ముగ్గురిగా వెళ్లిన ఆ డ్రాఫ్ట్‌లో గ్యారీ ఆబ్లెట్ జూనియర్ కోసం జిలాంగ్ వాడింది 40వ ఎంపిక మాత్రమే. అప్పటి నియమం ప్రకారం తండ్రీకొడుకుల ఎంపికకు మూడో రౌండ్ చాలు. మిగతా క్లబ్బులు ముందుగా బేరం పెట్టే పద్ధతి 2007లో గానీ రాలేదు. పేరు తండ్రిదే, క్లబ్ తండ్రిదే. వీపు మీద మాత్రం తండ్రి 5వ నంబరు కాకుండా 29. నాకు ఈ చిన్న వివరం చాలా ముఖ్యంగా తోస్తుంది. మొదటి ఏళ్లలో అతడు గోల్ దగ్గర తిరిగే ఫార్వర్డ్‌గా, బాగా ఆడుతూనే, తండ్రి ఆటకు కురచ నకలులా కనిపించేవాడు. 2006లో జట్టు పదో స్థానంలో ముగిశాక, నువ్వు నీ సత్తాకు తగ్గట్టు శ్రమించడం లేదని సహచరులే అతడి ముఖం మీద చెప్పారు. మరుసటి ఏడాది అతడు మధ్య మైదానానికి వెళ్లిపోయాడు, అంటే తండ్రి ఎన్నడూ తన రాజ్యంగా చేసుకోని చోటికి. తండ్రి బలం గాలిలో అయితే కొడుకు బలం నేల మీద: ఒళ్లు కిందికి వంచి, మీద పడిన ఇద్దరు ముగ్గురిని తోసుకుంటూ, చేతులు స్వేచ్ఛగా ఉంచుకుని బంతిని సహచరుడికి అందించి, మళ్లీ తనే ముందుకు పరుగెత్తి తీసుకోవడం. 2007 నుంచి 2014 దాకా వరుసగా ఎనిమిదేళ్లు, ఏటా ఉత్తమ ఆటగాళ్లతో ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో చోటు దక్కింది. 2009, 2013 బ్రౌన్‌లో మెడల్స్, 2007, 2009 ప్రీమియర్‌షిప్‌లు, మొత్తం 357 ఆటలు. తండ్రికి చేజారినవన్నీ కొడుకు తెచ్చాడు, కానీ తండ్రి బాటలో నడిచి తెచ్చినవి కావు.

2009 గ్రాండ్ ఫైనల్ చివరి నిమిషాలు ఒకసారి గుర్తుచేసుకోండి. సెయింట్ కిల్డాతో స్కోరు సమానంగా ఉంది. మైదానం నడుమ మాథ్యూ స్కార్లెట్, చేత్తో అందుకునే వ్యవధి లేక, కాలి బొటనవేలితో బంతిని ముందుకు పొడిచాడు. అది ఆబ్లెట్ చేతిలో పడింది. అతడు దూరంగా తన్నిన ఆ బంతి కొన్ని క్షణాల్లో పాల్ చాప్‌మన్ కాలికి చేరి గోల్ అయింది. ఆ స్కార్లెట్ కూడా జిలాంగ్‌కు ఆడిన జాన్ స్కార్లెట్ కొడుకే. ఒక క్లబ్ విధి ఇద్దరు కొడుకుల మధ్య ఇలా చేతులు మారిన క్షణం నాకు ఇంకొకటి తెలియదు.

జూనియర్ మీద ఉన్న ఫిర్యాదును నేను దాటవేయను. 2010 ముగిశాక అతడు జిలాంగ్‌ను వదిలి, కొత్తగా పుట్టిన గోల్డ్ కోస్ట్‌కు కెప్టెన్‌గా వెళ్లాడు. ఆ మరుసటి ఏడాది జిలాంగ్ అతడు లేకుండానే ప్రీమియర్‌షిప్ గెలిచింది. సిల్వానీల విధేయతతో పోల్చితే ఇది లోటే. అయితే ఆడడమే ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న జట్టులో ఉండి, 2013లో 14వ స్థానంలో ముగిసిన క్లబ్ నుంచి, జోయెల్ సెల్‌వుడ్ కంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకుని బ్రౌన్‌లో గెలవడం, అతడి గొప్పతనం చుట్టూ ఉన్న మంచి జట్టు వల్ల వచ్చింది కాదని తేల్చేసింది. తండ్రి పేరుగానీ తండ్రి ఊరుగానీ పనికిరాని చోట అతడు నిలబడ్డాడు. నా కొలత అడిగేది సరిగ్గా ఇదే.

ఈ కొలతకు దగ్గరగా వచ్చే ఇంకో జోడీ బంటన్‌లది, మన చర్చల్లో ఎందుకో వినబడదు. హేడన్ బంటన్ సీనియర్ ఫిట్జ్‌రాయ్‌కు ఆడి 1931, 1932, 1935లలో బ్రౌన్‌లో గెలిచి, పశ్చిమ ఆస్ట్రేలియాకు వెళ్లి సుబియాకో తరఫున అక్కడి లీగ్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే సాండోవర్ మెడల్స్ మూడు గెలిచాడు. కొడుకు హేడన్ జూనియర్ కెప్టెన్-కోచ్‌గా స్వాన్ డిస్ట్రిక్ట్స్‌కు 1961 నుంచి 1963 దాకా వరుసగా మూడు ప్రీమియర్‌షిప్‌లు అందించి, నడుమ 1962లో తనూ సాండోవర్ గెలిచాడు. కొడుకు ఎన్నడూ ఫిట్జ్‌రాయ్ ఆడిన విక్టోరియా లీగ్‌లో ఆడలేదు కనుక ఇద్దరినీ ఒకే త్రాసులో తూచడం కష్టం. పెర్త్‌లో పుట్టి పెరిగిన అభిమాని ఈ వ్యాసం రాస్తే వరుస వేరుగా ఉంటుందేమో.

మిగతావారి గురించి క్లుప్తంగా. టిమ్ వాట్సన్, జోబ్ వాట్సన్‌లది ఎసెండన్ గౌరవం. హాకిన్స్‌లలో కొడుకు టామ్ 359 ఆటలతో జిలాంగ్ రికార్డు నెలకొల్పినా, నా కొలతలో ఆ జోడీ తండ్రి జాక్ దగ్గర ఆగుతుంది. కెనెడీలది మూడు తరాల కథ, అది వేరే వ్యాసం. మార్కస్ ఆష్‌క్రాఫ్ట్ కొడుకు విల్ 2024, 2025 గ్రాండ్ ఫైనల్స్ రెండింటిలోనూ నార్మ్ స్మిత్ గెలిచాడు; ఇంత చిన్న వయసు ఆటగాడి మీద తీర్పు చెప్పడం తొందరపాటు.

ఇక డేకోస్‌లు. కాలింగ్‌వుడ్‌ను అభిమానించే మిత్రులు ఇప్పటికే కిరీటం పెట్టేశారు. పీటర్ డేకోస్ 250 ఆటలు, 549 గోల్స్. క్లబ్ 32 ఏళ్ల నిరీక్షణ తీరిన 1990లో ఆయన కొట్టిన 97 గోల్స్‌లో కొన్ని ఎంత ఇరుకు కోణం నుంచి వచ్చాయో చూస్తే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. కొడుకులు జోష్, నిక్ ఇద్దరూ 2023 ప్రీమియర్‌షిప్ జట్టులో ఉన్నారు. తండ్రి 35వ నంబరే వేసుకున్న నిక్ 2024, 2025 బ్రౌన్‌లో ఓట్లలో రెండో స్థానంలో నిలిచాడు. అతడు రేపు మూడు బ్రౌన్‌లోలు గెలిచినా నేను ఆశ్చర్యపోను. కానీ అతడు పైకి వెళ్లేకొద్దీ జోడీలో తక్కువవాడు పీటర్ అవుతాడు, పీటర్ లెక్క 1993లోనే ముగిసింది. ఆ లెక్క ఏ ఆబ్లెట్‌దాకానూ రాదు. సెర్జియో సిల్వాని కంటే మాత్రం అది ఒక మెట్టు పైనే ఉందని నా అభిప్రాయం. అందువల్ల ఇన్నాళ్లూ సిల్వానీలకు ఇస్తూ వచ్చిన రెండో స్థానాన్ని, నిక్ ఇంకో రెండు మూడు సీజన్లు ఇదే తీరున ఆడితే, డేకోస్‌లకు ఇచ్చేస్తాను.