మొదలు లావుగా ఉన్న బోన్సాయ్ మొక్క కావాలంటే ఇక్కడ దొరుకుతుంది

హైదరాబాద్ సిటీలో బోన్సాయ్ పేరుతో అమ్మేవి చాలావరకు ‘ఎస్’ ఆకారంలో వంచిన ఫైకస్‌లు (మర్రి జాతి మొక్కలు), లేకపోతే ఉబ్బిన వేళ్ల మీద అంటుకట్టినవి. గిఫ్ట్ ఇవ్వడానికి బాగానే ఉంటాయి గానీ నేర్చుకోవాలనుకునేవాళ్లకి వాటితో పెద్దగా పని లేదు, ఎందుకంటే ఆ వంపు గట్టిపడిపోయాక మనం చేయగలిగేది తక్కువ. మొయినాబాద్ వైపున్న ఈ నర్సరీ వేరు. షెడ్డు వెనకాల మడుల్లో జువ్వి, రావి, చింత, కాగితంపూల మొక్కల్ని నేలలోనే పెంచి, లావెక్కాకే అమ్ముతున్నారు.

చిన్న కుండీలో పెట్టిన మొక్కకి వేళ్లు పోవడానికి చోటుండదు, కాండం లావవడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. నేలలో అలా కాదు, పైన కొమ్మలూ ఆకులూ ఎంత పెరిగితే కింద మొదలు అంత లావెక్కుతుంది. ఇక్కడ ఒక్కో మొక్కకి ఒక కొమ్మని మనిషెత్తు దాటినా కొయ్యకుండా వదిలేశారు. చూడ్డానికి అడ్డదిడ్డంగా ఉంటుంది, కానీ మొదలుని లావు చేసేది అదే, పనయ్యాక కోసేస్తారు. నేలలో ఉండగానే కోస్తే గాయం కూడా త్వరగా మానుతుంది.

నాకు బాగా నచ్చింది వేళ్ల పని. నేను ఎంచుకున్న జువ్విని గునపంతో లేపి, మట్టి దులిపి చూపించారు. తల్లివేరు లేదు, వేళ్లు లోతుకి పోకుండా కింద పెట్టిన టైల్ ముక్క అంచుదాకా వేళ్లు అన్ని వైపులకీ చదునుగా పాకి ఉన్నాయి. ఒక పక్క మాత్రం రెండు వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి, “పైది కత్తిరించేయండి సార్, తర్వాత ఇబ్బంది పెడుతుంది” అని తవ్వినతనే చెప్పాడు. అడక్కుండా లోపం చూపించే నర్సరీ ఎక్కడుంది చెప్పండి!

రెండు విషయాలు నచ్చలేదు. తవ్విన మొక్కని జిగట నల్లమట్టిలో కుక్కి కవర్లో ఇస్తున్నారు, అందులో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లే ప్రమాదం ఉంది. ఇంటికి రాగానే ఇటుక ముక్కలు, ముతక ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలోకి మార్చాల్సిందే. రెండోది, మే ఎండల్లో అడిగినా తవ్వి ఇచ్చేస్తున్నారు. హైదరాబాద్ మే అంటే 40 డిగ్రీలు, జువ్వి తట్టుకున్నా చింతకి కష్టం. మీరే ఆగండి, జూన్‌లో వానలు పడ్డాక తీసుకోండి.

రేట్లు న్యాయంగానే ఉన్నాయి, బొటనవేలంత లావువి 400 నుంచి, మణికట్టంతవి 2,500 దాకా. మొదటిసారైతే జువ్వే తీసుకోండి, కోతలకి బాగా తట్టుకుంటుంది. తెచ్చాక లోతు తక్కువుండే బోన్సాయ్ ట్రేలో పెట్టకండి, వెడల్పాటి టబ్‌లో నీడన ఉంచి, కొత్త చిగుళ్లు గట్టిపడేదాకా ఎరువు వేయొద్దు, కొమ్మలు వంచడానికి వైర్ చుట్టొద్దు. ఆదివారం మాత్రం వెళ్లకండి, తవ్వేవాళ్లు రారు, కవర్లో ముందే కట్టి పెట్టినవే అంటగడతారు.