మారతహళ్ళి వైపు దొరికే ‘అన్నీ కలిపి’ వెబ్‌సైట్ ప్యాకేజీ: తీసుకోవచ్చా?

బెంగళూరులో మారతహళ్ళి, కేఆర్ పురం, బెల్లందూరు వైపు చిన్న వెబ్ డిజైనింగ్ ఆఫీసులు దాదాపు ఒకే సరుకు అమ్ముతాయి. డొమైన్ (సైటు పేరు), ఏడాది హోస్టింగ్ (సైటు ఉంచే సర్వర్ జాగా), ఐదు పేజీల సైటు, ఐదు మెయిల్ ఐడీలు, ఎస్‌ఎస్‌ఎల్ (సైటు భద్రతకు పెట్టే సర్టిఫికెట్), అన్నిటికీ కలిపి ఒకే రేటు. పాంప్లెట్ మీద 4,999 అని ఉంటే 18 శాతం జీఎస్టీతో 5,899 అవుతుంది. పచ్చళ్ళ దుకాణం, పీజీ, బొటిక్, కర్రీ పాయింట్, ఇలా ఇక్కడి మనవాళ్ళ వ్యాపారాల్లో చాలావాటికి మొదటి సైటు ఇలాగే వస్తుంది. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చే సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. దాంతో ఆ ఉచిత పేజీతో నెట్టుకొచ్చిన దుకాణాలకూ వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఏదో ఒక ఆఫీసు గురించి కాదు, ఆ ప్యాకేజీలో ఏముందో విప్పి చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తే: డిజైన్‌కి ఆ డబ్బు దండగేమీ కాదు. హోస్టింగ్ పర్వాలేదు. డొమైన్, మెయిల్ మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వకండి.

“అన్నీ మేమే చూసుకుంటాం సార్” అన్న మాటకు అసలు అర్థం చాలాసార్లు ఏమిటంటే, డొమైన్ వాళ్ళ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) అకౌంట్‌లో, వాళ్ళ మెయిల్ ఐడీతో ఉంటుంది. మేస్త్రీ ఇల్లు బాగా కట్టాడని స్థలం పట్టా ఆయన పేరున రాయించం కదా. డొమైన్ ఎవరిదో చూపించే హూయిజ్‌లో చూసి తేల్చుకుందామన్నా కుదరదు. ప్రైవసీ పెట్టి ఉంటే అక్కడ ఎవరి పేరూ కనబడదు. రిజిస్ట్రార్ సైటులో లాగిన్ అయితే ఓటీపీ ఎవరి ఫోనుకొస్తోందన్నదే అసలు పరీక్ష.

కాబట్టి డొమైన్ మీరే కొనండి. పావుగంట పని. రెండు విషయాలు మాత్రం చూసుకోవాలి. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే మెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు. డొమైన్ గడువు తప్పి ఆగిపోతే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, ఆ తర్వాతి హెచ్చరికలు మీకు చేరవు. రెండోది, డాట్ కామ్ లాంటి పేర్లకు రిజిస్ట్రార్ పంపే ధ్రువీకరణ మెయిల్‌లోని లింకును 15 రోజుల్లోగా నొక్కాలి. లేదంటే డొమైన్ సస్పెండ్ అవుతుంది. సైటు రెండు వారాలు చక్కగా నడిచి హఠాత్తుగా మాయమైందంటే హోస్టింగ్‌ను తిట్టేముందు ఈ లింకు సంగతి చూడండి. డిజైనర్‌కు రిజిస్ట్రార్ పాస్‌వర్డ్ అవసరమే లేదు. ఆయన నేమ్‌సర్వర్లు (డొమైన్‌ను హోస్టింగ్‌కు కలిపే చిరునామాలు) చెప్తే మీరే మార్చొచ్చు.

ఇప్పటికే వాళ్ళ దగ్గర ఇరుక్కుపోయి ఉంటే డొమైన్‌ను మీ అకౌంట్‌కు మార్చుకోవడానికి ట్రాన్స్‌ఫర్ లాక్ తీయించి, బదిలీకి కావాల్సిన ఆథ్ కోడ్ అడగండి. మామూలుగా డాట్ కామ్ అయితే కొన్న 60 రోజుల వరకు కదలదు. ఆ తర్వాత వారం లోపే వచ్చేస్తుంది, పైగా గడువుకు ఏడాది కలుస్తుంది. గొడవ ముదిరి గడువు దాటనిస్తే మాత్రం ఖర్చే. రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలు రేటుకే రెన్యువల్ దొరకొచ్చు. ఆపై 30 రోజులు రిడెంప్షన్ (విడిపించుకునే గడువు), అప్పుడు జరిమానాతో కలిపి వేలల్లో అడుగుతారు. అదీ దాటితే ఐదు రోజుల తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు.

హోస్టింగ్ సంగతికొస్తే, పాంప్లెట్ మీద ‘అన్‌లిమిటెడ్’ అని ఉంటుంది. జాగాకు లిమిట్ లేకపోయినా ఫైళ్ళ సంఖ్యకు, సీపీయూకు, మెమరీకి ఉంటుంది. వాటిలో కొన్ని దాటితే 508 అనే ఎర్రర్ వచ్చి సైటు ఆగుతుంది. ఐదు పేజీల సైటుకు ఆ లిమిట్ తగలడం కష్టమే, కాబట్టి దీని గురించి బెంగ అక్కర్లేదు. అడగాల్సింది ఇంకోటి: “మా సైటుకి విడిగా సీప్యానెల్ లాగిన్ ఇస్తారా?” సీప్యానెల్ అంటే సైటు ఫైళ్ళు, మెయిల్, డేటాబేస్ నడిపే తెర. కొందరు తమ ఒక్క సీప్యానెల్‌లోనే పాతిక మంది కస్టమర్లను యాడాన్ డొమైన్లుగా (ఒకే అకౌంట్‌కు తగిలించిన అదనపు సైట్లుగా) పెట్టేస్తారు. అలాంటప్పుడు మీకు లాగిన్ ఇవ్వలేరు, ఇస్తే అందరి ఫైళ్ళూ మీ చేతికొస్తాయి. అందులో ఒక్క సైటు హ్యాక్ అయినా అన్నీ ఒకే యూజర్ కింద ఉన్నాయి గనుక మిగతావీ పోతాయి. ఈ ప్రశ్నకు నీళ్ళు నమిలితే అక్కడితో ఆపేయండి.

సర్వర్ ఎక్కడుందో కూడా కనుక్కోండి. ముంబై సర్వర్ అయితే బెంగళూరు నుంచి వెళ్ళి రావడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు, అమెరికా అయితే 200 పైనే. ఎస్‌ఎస్‌ఎల్‌కు విడిగా రెండు వేలు అడిగితే ఇవ్వొద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఉచితం, గడువుకు ముందే దానంతటదే రెన్యువల్ అయ్యేలా సీప్యానెల్‌లో పెట్టుకోవచ్చు.

బ్యాకప్ తీస్తున్నాం అంటారు. నిజమే, అదే సర్వర్‌లో! సర్వర్ పోతే బ్యాకప్ కూడా పోతుంది. సీప్యానెల్‌లో ‘ఫుల్ బ్యాకప్’ తీసి డౌన్‌లోడ్ చేసుకున్నా, దాన్ని మీ సీప్యానెల్ నుంచి మీరు తిరిగి ఎక్కించలేరు, హోస్టింగ్ వాళ్ళే ఎక్కించాలి. హోమ్ డైరెక్టరీ, డేటాబేస్ విడివిడిగా తీసుకుంటే మీ చేతిలో పని. సైటు వర్డ్‌ప్రెస్‌తో (సైట్లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) చేసినదైతే అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్‌తో (దానికి చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్) వారానికోసారి మీ గూగుల్ డ్రైవ్‌లోకి పంపించుకోండి.

అసలు తలనొప్పి మెయిల్. ప్యాకేజీలో ఇచ్చే ఐదు ఐడీలు ఆ షేర్డ్ సర్వర్ మీదే ఉంటాయి. అదే ఐపీ (సర్వర్ చిరునామా) మీద ఉన్నవాళ్ళలో ఒకరు స్పామ్ పంపితే చాలు, మీరు పంపే కొటేషన్ కూడా స్పామ్ ఫోల్డర్‌లోకి పోవచ్చు. మెయిల్‌ను విడిగా జోహో లాంటి చోట పెట్టుకోవడం మేలు. చెన్నై కంపెనీ, ఐదుగురు యూజర్ల దాకా ఉచిత ప్లాన్ ఉంది. అందులో ఐమ్యాప్ (వేరే యాప్‌లలో మెయిల్ చూసే సదుపాయం) లేదు గనుక అవుట్‌లుక్‌లో చూడలేరు. బ్రౌజర్, వాళ్ళ యాప్ చాలు అనుకునేవాళ్ళకు సరిపోతుంది.

మెయిల్ బయటికి మార్చిన మర్నాటి నుంచి ఒక చిత్రం జరగొచ్చు. బయటివాళ్ళు పంపే మెయిల్స్ అన్నీ జోహోకు వస్తాయి, సైటులోని ఎంక్వైరీ ఫారం నుంచి మాత్రం ఒక్కటీ రాదు. కారణం సీప్యానెల్‌లోని ఈమెయిల్ రూటింగ్. అది ‘లోకల్’ అని ఉన్నంతకాలం ఈ డొమైన్ మెయిల్స్ తన దగ్గరే ఉన్నాయని సర్వర్ అనుకుని, ఫారం మెయిల్‌ను లోపలి పాత డబ్బాలోనే వేసేస్తుంది. దాన్ని ‘రిమోట్’ చేస్తే సరి. పాత డబ్బా తెరిస్తే పోయాయనుకున్న ఎంక్వైరీలు కొన్ని అందులోనే దొరుకుతాయి.

అప్పటికీ రాకపోతే ఫారంలో ‘ఫ్రమ్’ చూడండి. చాలా ఫారాల్లో అక్కడ కస్టమర్ టైప్ చేసిన మెయిల్ ఐడీనే పెడతారు. జీమెయిల్ ఐడీతో మీ సర్వర్ మెయిల్ పంపితే అది దొంగ మెయిలని అవతలి సర్వర్ తోసేయొచ్చు. ‘ఫ్రమ్’ మీ డొమైన్‌ది, ‘రిప్లై టు’ కస్టమర్‌ది ఉండాలి. మెయిల్ పంపే ప్లగిన్ పెట్టి జోహో ద్వారానే పంపిస్తే ఇంకా నయం. ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ పేరున మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పేది) డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. పాతది ఉండగానే కొత్తది చేరిస్తే రెండూ చెల్లవు.

ఇక తెలుగు. మెనూ, రేట్ల పట్టిక ఏ డీటీపీ సెంటర్‌లోనో అను ఫాంట్లతో కొట్టించి ఉంటారు. డిజైనర్‌కు ఆ ఫైలే ఇస్తారు. అందులోంచి కాపీ చేసి సైటులో పెడితే ఇంగ్లిష్ అక్షరాలకు టోపీలు, కొమ్ములు మొలిచినట్టు వస్తుంది. యూనికోడ్ కాదు గనుక ఆ ఫాంట్ లేని ఫోనులో తెలుగు కనబడదు. డిజైనర్ చేసే సులువైన పని, మెనూ మొత్తాన్ని బొమ్మగా మార్చి అతికించడం. ఫోనులో వేళ్ళతో సాగదీసి చదవాలి, ‘గోంగూర పచ్చడి’ అని గూగుల్‌లో వెతికినవాళ్ళకు మీ పేజీ దొరకడం కష్టం. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. ఐదు పేజీల మేటర్ ఎంతని, జీబోర్డ్‌లో మళ్ళీ కొట్టేయడం నయం. పాత నుడి ఫాంట్లతో కొట్టించిన కన్నడ మెనూకూ ఇదే గతి.

వర్డ్‌ప్రెస్ కాకుండా సొంత పీహెచ్‌పీ కోడ్‌తో చేసిన సైట్లలో ఇంకో గొడవ ఉంది. తెలుగు ఎక్కించగానే అన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. డేటాబేస్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) తెలుగుకు సరిపడే యూనికోడ్‌ది కాకపోవడం వల్ల. యూటీఎఫ్8ఎంబీ4 అని పెట్టించుకుంటే మేలు. ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన మేటర్ తర్వాత సెట్టింగ్ మార్చినా తిరిగి రాదు, మళ్ళీ టైప్ చేయాల్సిందే. ఒక్క వాక్యం ఎక్కించి చూశాకే మిగతాది మొదలుపెట్టమనండి. ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి ఉచితంగా వాడుకోవచ్చు. థీమ్‌లో (సైటు రూపానికి వాడే మూస) లైన్ హైట్, అంటే లైన్ల మధ్య ఎడం, ఇంగ్లిష్ కోసం 1.2 లాంటిది పెట్టి ఉండొచ్చు, దాన్ని 1.6 దగ్గరకు తేవాలి. లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడి దీర్ఘాలకు తగులుకుంటాయి.

ఫోటోల విషయంలో ఈ ఆఫీసులన్నీ బద్ధకిస్తాయి. ఫోనులో తీసిన 4 ఎంబీ ఫోటోను అలాగే ఎక్కించేస్తారు. 1,200 పిక్సెళ్ళ వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే చాలాసార్లు 150 కేబీ లోపు వస్తుంది. వాట్సాప్ లింకు మీ ఫోనులో నొక్కి చూడండి. నంబరుకు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు.

ఆన్‌లైన్ పేమెంట్ పెట్టుకోవాలంటే ఐదు పేజీలు చాలవు. రేజర్‌పే లాంటి గేట్‌వేలు నిబంధనలు, ప్రైవసీ, రిఫండ్, డెలివరీ, కాంటాక్ట్ పేజీలు సైటులో ఉన్నాయా అని చూస్తాయి. లేకపోతే అప్లికేషన్ వెనక్కొస్తుంది. ఇవి లెక్కలోకి రావని, అదనపు పేజీలకు డబ్బు అడగబోమని ముందే రాయించుకోండి. గేట్‌వే చార్జీ 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే వెయ్యి రూపాయల ఆర్డరుకు 23 రూపాయల 60 పైసలు పోతాయి. పచ్చళ్ళ సీసాల ధరలు దీన్ని కలుపుకుని వేసుకోవాలి.

థీమ్ ఎక్కడిదని తప్పక అడగండి. డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ను క్రాక్ చేసి వాడితే అప్‌డేట్లు రావు, లోపల దొంగ కోడ్ కూడా ఉండొచ్చు. కొన్నాళ్ళకు గూగుల్‌లో మీ దుకాణం పేరు కింద జపనీస్ అక్షరాలు, ఎవరివో బ్రాండెడ్ చెప్పుల రేట్లు కనబడొచ్చు. ఉచిత థీమ్ వాడినా తప్పులేదు, ఈ స్థాయి సైటుకు అదే చాలు.

రెండో ఏడాది నుంచి ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) అంటారు. అందులో వర్డ్‌ప్రెస్, ప్లగిన్ల అప్‌డేట్లు, బ్యాకప్, నెలకు కొన్ని రేట్ల మార్పులు ఉంటే ఇవ్వొచ్చు. ‘మెయింటెనెన్స్’ అన్న ఒక్క మాటే ఉంటే బేరమాడండి. కొటేషన్‌లో ఈ ఏడాది రేటు పక్కనే వచ్చే ఏడాది హోస్టింగ్ రేటు కూడా అంకెల్లో వేయించుకోండి. మొదటి ఏడాది ఆఫర్ రేటు చూపించి రెన్యువల్‌కు రెట్టింపు అడగడం ఈ వ్యాపారంలో మామూలే.