ఫోటో చూసి మందు రాసే స్కిన్ యాప్, చేత్తో తాకి చూసే క్లినిక్: నల్ల చర్మం ఉన్న నా రివ్యూ

పేర్లు రాయట్లేదు, రెండు సర్వీసుల గురించి చెప్తా. ఒకటి ఫోన్లో ఫోటోలు పంపితే స్కిన్ డాక్టర్ చూసి మందు రాసే యాప్, దానికి 2 స్టార్లు. రెండోది ముదురు రంగు చర్మం వాళ్ళ కోసం వారంలో రెండు రోజులు విడిగా పెట్టిన ఒక స్కిన్ క్లినిక్, దానికి నాలుగున్నర. నా రంగు నలుపు, చామనఛాయ కంటే రెండు మెట్లు కిందే. ఇది చెప్పకుండా ఈ రివ్యూ రాయలేను, గొడవంతా అక్కడే మొదలైంది.

నాకు మోచేతి మడతల్లో, మెడ వెనకాల దురద. నిద్రలో గీరేసుకుని పొద్దున లేచి చూస్తే గోళ్ళ సందుల్లో రక్తం ఉండేది, అంత దురద. చర్మం దళసరిగా గరుగ్గా అయిపోయింది, చెయ్యి పెడితే ఇసక కాగితం లాగ తగిలేది, వెంట్రుక మొదళ్ళ దగ్గర చిన్న చిన్న పొక్కులు లేచి ఉండేవి. రంగు మాత్రం ఎరుపు అస్సలు కాదు, చుట్టూ ఉన్న చర్మం కంటే ఇంకా నల్లగా, కొంచెం వంగపండు రంగు కలిసినట్టు ఉండేది.

యాప్ ఓపెన్ చెయ్యగానే మొదటి ప్రశ్న "మచ్చ ఎర్రగా ఉందా?" కింద అవును, కాదు అని రెండు బటన్లు, అంతే. కాదు అని నొక్కా, నిజంగానే ఎర్రగా లేదు కదా. ఆ ఒక్క నొక్కుడుతో ప్రశ్నలన్నీ వేరే దారి పట్టాయి, ఎప్పుడు నల్లబడింది, ఎండలో ఎక్కువ తిరుగుతారా, అంతకుముందు అక్కడ మొటిమలు వచ్చాయా అని అడిగింది కానీ దురద ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు. చివర్లో ఇంకేమైనా చెప్పాలా అని ఉన్న చిన్న ఖాళీలో నేనే టైప్ చేశా, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు అని.

ఫోటోలది ఇంకో కథ. ఫోన్ కెమెరా దానంతటదే వెలుగు పెంచేసి నా చెయ్యి రెండు షేడ్లు తేలిగ్గా చూపించింది, పొక్కులన్నీ నున్నగా అయిపోయాయి. ఫ్లాష్ వేస్తే చర్మం మీద తెల్లటి మెరుపు తప్ప ఏం పడలేదు. పదకొండు ఫోటోలు తీసి మూడు పంపా, ఆ మూడిట్లో కూడా నాకు కనపడేది సగమే ఉంది.

జవాబు మర్నాడే వచ్చింది, స్పీడ్ విషయంలో వంక పెట్టను. పిగ్మెంటేషన్ అన్నారు, రంగు తగ్గించే క్రీమ్ రాశారు. అప్పటికే గీరి గీరి పుండైన చోట అది రాస్తే మంట పుట్టి చెయ్యి చల్లటి నీళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నా. మళ్ళీ పంపితే ఇంకో డాక్టర్ ఫంగస్ అన్నారు, నాలుగు వారాలు ఆ క్రీమ్ రాశా, ఇసుమంత తేడా లేదు. ఆ డాక్టర్లని నేను తిట్టను, వాళ్ళ ముందుకి వెళ్ళిన ఫారమ్‌లో ఎరుపు లేదు అని ఉంది, ఫోటోలో పొక్కులు లేవు, వాళ్ళు మాత్రం ఏం చూస్తారు.

ఇక క్లినిక్. లోపలికి వెళ్ళగానే డాక్టర్ గారు "కిటికీ దగ్గరకి రామ్మా" అని పిలిచి పగటి వెలుతుర్లో చెయ్యి తిప్పి తిప్పి చూశారు. "ముందు మచ్చ లేని చోటు చూపించు" అన్నారు. నాకు ఆశ్చర్యమేసింది, బాగున్న చోటు చూసి ఏం చేస్తారు అనుకున్నా. అక్కడ వేళ్ళ వెనక వైపు ఆనించి, తర్వాత మచ్చ మీద ఆనించి, మళ్ళీ ఇక్కడ, మళ్ళీ అక్కడ, వేడి తేడా చూస్తున్నారు. తర్వాత చిన్న టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేశారు, ఒక్కసారిగా ప్రతి పొక్కు వెనక చిన్న నీడ పడింది, నాకే స్పష్టంగా కనపడింది. "ఎరుపు ఉందమ్మా, మెలనిన్ అంటే చర్మానికి రంగిచ్చే పదార్థం, దాని కింద ఉంది, అందుకే నీ చర్మంలో అది ఊదాగానో బూడిదగానో ముదురు గోధుమగానో కనిపిస్తుంది, ఇది ఎగ్జిమా" అన్నారు. ఇదంతా ఐదు నిమిషాల పని. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, రోగం పేరు తెలిసినందుకు కాదు, అన్నాళ్ళూ ఎర్రగా లేదు కాబట్టి నాది పెద్ద జబ్బు కాదేమో అని నన్ను నేనే అనుమానించుకున్నందుకు.

స్క్రీన్ మీద అదే ఎగ్జిమా వేరే వేరే రంగుల చర్మాల మీద ఎలా ఉంటుందో ఫోటోలు చూపించారు, నా చెయ్యిలాంటి చెయ్యి ఒక డాక్టర్ రూంలో బొమ్మగా చూడటం నాకు అదే మొదటిసారి. ఇంటికొచ్చాక ఇది ఎందుకిలా ఉందో చదివా. చర్మాన్ని 6 రకాలుగా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ స్కేల్ ఉంది కదా, చాలా చోట్ల దాన్నే వాడతారు, అది 1975లో హార్వర్డ్ డాక్టర్ థామస్ ఫిట్జ్‌పాట్రిక్ కాంతి చికిత్సలో డోసు ఎంత ఇవ్వాలో తేల్చుకోడానికి చేసింది, మొదట తెల్ల చర్మానికే 4 రకాలు, మన రంగులకి 5, 6 తర్వాత కలిపారు. 2020లో కోవిడ్ వల్ల చర్మం మీద వచ్చే మార్పుల గురించి వైద్య పత్రికల్లో వచ్చిన ఫోటోలు జెన్నా లెస్టర్ అనే చర్మ వైద్యురాలి బృందం లెక్కపెడితే, 130 ఫోటోల్లో 5, 6 రకాల చర్మం ఒక్కటంటే ఒక్కటి లేదు. అదే ఏడాది లండన్ సెయింట్ జార్జెస్‌లో మెడిసిన్ చదువుతున్న మాలోన్ ముక్వెండే అనే కుర్రాడు నల్ల, గోధుమ రంగు చర్మం మీద లక్షణాలు ఎలా కనపడతాయో చూపిస్తూ తన టీచర్లతో కలిసి ఒక చిన్న పుస్తకం చేసి ఉచితంగా పెట్టాడు. డాక్టర్లకి నేర్పే బొమ్మల్లోనే మనం లేకపోతే మన చెయ్యి చూసి వాళ్ళకి తట్టేదేంటి, ఈ మాట నాకు చాలా రోజులు బుర్రలోంచి పోలేదు. కంప్యూటర్లదీ అదే తీరు, 2022లో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు రకరకాల రంగుల చర్మం ఫోటోలతో పరీక్ష పెడితే చర్మ రోగాలు గుర్తుపట్టే ఏఐలు ముదురు చర్మం మీద ఇంకా తప్పాయి.

మందు విషయానికొస్తే, స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాశారు, కానీ ఏ తారీఖు మొదలు, ఏ తారీఖు ఆపాలి అని పేపర్ మీద రాసి కింద గీత గీసి ఇచ్చారు, మొహానికి తగలనివ్వద్దని రెండుసార్లు చెప్పారు. రోజూ స్నానం అవ్వగానే తడి ఆరక ముందే మాయిశ్చరైజర్. ముఖ్యంగా ఒక మాట ముందే చెప్పారు, దురద వారాల్లో తగ్గుద్ది, నలుపు మాత్రం నెలలు పడుద్ది, అది చూసి మందు పనిచెయ్యట్లేదని కంగారుపడి తెల్లబరిచే క్రీములు కొనొద్దు అని. వాటిలో కొన్నిట్లో పాదరసం ఉంటుంది, అది కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, మినమాటా అని పాదరసం మీద ప్రపంచ దేశాల ఒప్పందం కూడా ఒకటి ఉంది, అందులో ఇలాంటి క్రీములు ఆపాలని ఉంది. అయినా ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. లేబుల్ మీద కాలోమెల్ అని గానీ మెర్క్యూరిక్ అని గానీ ఉంటే (రెండూ పాదరసం ఉందని చెప్పే పేర్లే), లేదా అసలు లేబులే లేకపోతే ముట్టుకోకండి.

ఇంకోటి, సాక్సులు విప్పమన్నారు. చేతి మీద దురదకి కాళ్ళెందుకు అని అడిగా. ముదురు చర్మం వాళ్ళకి మెలనోమా అనే క్యాన్సర్ అరుదు, కానీ వస్తే ఎండ తగలని అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కిందే ఎక్కువ వస్తుందట, ఎవరూ చూడరు కాబట్టి ముదిరాక బయటపడుద్ది. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద కనపడింది ఇదే, 1981లో 36 ఏళ్ళకే పోయాడు. నా గోళ్ళలో సన్నటి గోధుమ గీతలు ఉన్నాయి, అవి మన రంగు వాళ్ళకి మామూలేనని, ఒక్క గోటికే కొత్తగా వచ్చి వెడల్పు అవుతుంటే మాత్రం వెంటనే రమ్మని చెప్పారు.

సన్‌స్క్రీన్ కూడా రాశారు, రంగు కలిపింది, ఐరన్ ఆక్సైడ్ ఉన్నది, ఎందుకంటే మన చర్మాన్ని నల్లబరిచేది ఎండలోని యూవీ కిరణాలు ఒక్కటే కాదు, మామూలు వెలుతురు కూడా. కానీ నా షేడ్‌కి సరిపోయేది దొరకడం పెద్ద తిప్పలు, దొరికినవన్నీ రాస్తే బూడిద పూసినట్టు ఉన్నాయి. లేజర్ నేను చేయించుకోలేదు, అడిగితే 1064 నానోమీటర్ల ఎన్‌డీయాగ్ అనే రకం లేజర్ వాడతామని, ముందు చిన్న చోట పరీక్ష చేస్తామని చెప్పారు, ఆ రకం కాంతిని మెలనిన్ తక్కువ పీల్చుకుంటుంది కాబట్టి ముదురు చర్మానికి అది సరైన జవాబే.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, అపాయింట్‌మెంట్‌కి ఏడు వారాలు పట్టింది. ఫోన్ ఎత్తరు. వారంలో రెండే రోజులు, అవి కూడా పని రోజులు. నేను సెలవు పెట్టుకోగలిగాను, రోజు కూలి పోగొట్టుకోలేని వాళ్ళు, దగ్గర్లో స్కిన్ డాక్టరే లేని వాళ్ళు ఏం చెయ్యాలి? వాళ్ళ కోసమే కదా యాప్ అనేది వచ్చింది, వాళ్ళల్లో నల్లటి వాళ్ళకే అది పనికిరాకపోతే ఇంకెవరికి ఉపయోగం. నాకు కోపం వచ్చేది అక్కడే.

యాప్ తప్ప వేరే దారి లేని వాళ్ళు ఇలా చెయ్యండి. బ్యూటీ మోడ్ ఆపేసి, ఫ్లాష్ వెయ్యకుండా, పగలు కిటికీ పక్కన, వెలుగు పక్క నుంచి పడేలా తీయండి. మచ్చతో పాటు బాగున్న చర్మం కూడా ఫోటోలో పడాలి. ఎర్రగా ఉందా అంటే కాదు అని నొక్కేసి వదిలెయ్యకండి, చుట్టూ ఉన్న దానికంటే రంగు మారింది, వేడిగా ఉంది, దురద ఉంది, తాకితే గరుగ్గా ఉంది అని మాటల్లో రాయండి.

అప్‌డేట్: మూడు నెలలైంది. దురద రెండో వారానికే పోయింది, చర్మం మెత్తబడింది, మడతల్లో నలుపు ఇంకా ఉంది కానీ అంచుల నుంచి తేలికవుతోంది, డాక్టర్ గారు చెప్పినట్టే. యాప్ వాళ్ళకి ఆ మొదటి ప్రశ్న మార్చమని, నలుపు, ఊదా, బూడిద అని కూడా బటన్లు పెట్టమని రెండుసార్లు రాశా, మీ సూచనకి ధన్యవాదాలు అని రెండుసార్లూ జవాబు వచ్చింది. నిన్న రాత్రి ఈ అప్‌డేట్ రాసే ముందు మళ్ళీ ఓపెన్ చేసి చూశా. "మచ్చ ఎర్రగా ఉందా?" అవును, కాదు.