హనుమకొండలో ప్రింటర్ బాగుచేయించేవారికి హెచ్చరిక: మార్చని బోర్డుకు 6,800 రూపాయల బిల్లు

ప్రింటర్‌లోని నెట్‌వర్క్ బోర్డు కాలిపోయిందని నమ్మించి, ఏమీ మార్చకుండానే మార్చినట్టు బిల్లు రాసి, హనుమకొండలోని ఒక సర్వీసు దుకాణంవారు మా దగ్గర 6,800 రూపాయలు తీసుకున్నారు. ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి (కమీషన్ వ్యాపార) దుకాణాలకు తరచుగా వచ్చేవారే కనుక తోటి అడ్తిదారులకు ఎవరో అర్థమయ్యే ఉంటుంది.

ఇంటర్నెట్‌వారు కొత్త రౌటర్ పెట్టి వెళ్లిన మరుసటి ఉదయం నుంచి మా కంప్యూటర్లన్నింటిలో ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని కనిపించింది. మిర్చి కాంటాలు పూర్తయిన రైతులు తక్‌పట్టీల (తూకం, ధర రాసి ఇచ్చే చీటీల) కోసం వేచి ఉన్నారు. యూఎస్‌బీ కేబుల్ కలిపితే ప్రింట్ వస్తున్నదనీ, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోట పచ్చ లైటు వెలుగుతూనే ఉన్నదనీ మెకానిక్‌కు ముందే చెప్పాము. అయినా అతడు ప్రింటర్‌ను దుకాణానికి తీసుకువెళ్లి, సాయంత్రం తెచ్చి బిగించి, బిల్లు చేతిలో పెట్టాడు.

తీసేసిన పాత బోర్డు ఇవ్వమని నేను మర్యాదగానే అడిగాను. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చి, పొద్దంతా కాగితం కోసం కూర్చున్న రైతుల ముందు అతడు అన్న మాట ఇది: “పాత బోర్డు ఏం జేస్కుంటరు సేటూ, మిర్చి బస్తాలతోటి కాంటా పెడ్తరా?” డబ్బు పోయినందుకంటే, సొంత డబ్బు పెట్టి కొన్న వస్తువులోని భాగాన్ని అడిగినందుకు ఇంత మాట పడవలసి వచ్చినందుకే నా కోపం ఇంకా చల్లారలేదు.

కరెంటు పోయి వచ్చిన తరువాత ప్రింటర్ మళ్లీ ‘ఆఫ్‌లైన్’ అయింది. నెట్‌వర్క్ పని తెలిసిన మా అల్లుడు వచ్చి ప్రింటర్ నుంచి దాని సెట్టింగులన్నీ చూపే కాన్ఫిగరేషన్ పేజీ తీసి, ప్రింటర్ కొన్ననాడు తీసి ఫైలులో పెట్టిన పేజీతో పోల్చాడు. రెండింటిలోనూ మ్యాక్ అడ్రస్ ఒక్కటే. 12 అక్షరాల, అంకెల ఆ గుర్తు ప్రతి నెట్‌వర్క్ భాగానికీ వేరుగా ఉంటుంది కనుక, బోర్డు మార్చితే సాధారణంగా అదీ మారాలి.

అసలు సమస్య ఐపీ అడ్రసులో, అంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే అంకెల చిరునామాలో ఉంది. పాత రౌటర్ 192.168.1తో మొదలయ్యే అడ్రసులు ఇచ్చేది, ప్రింటర్‌కు అందులోనే 192.168.1.50 స్థిరంగా పెట్టి ఉంది. కొత్త రౌటర్ 192.168.0తో మొదలయ్యేవి ఇస్తున్నందున కంప్యూటర్లకు ప్రింటర్ అందలేదు. మెకానిక్ చేసినదల్లా ప్రింటర్ రౌటర్ నుంచి తానే అడ్రసు తీసుకునేలా ‘ఆటోమేటిక్’ సెట్టింగు పెట్టి, కంప్యూటర్లలో ఆ కొత్త అడ్రసు ఎక్కించడమే. ఆటోమేటిక్‌గా వచ్చేది కరెంటు పోయి వచ్చాక మారవచ్చు, కంప్యూటర్లు మాత్రం పాతదానికే పంపుతూ ఉంటాయి. అల్లుడు రౌటర్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రసుకు ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రసు వచ్చేలా రిజర్వు చేసి, కంప్యూటర్లలో ప్రింటర్ పోర్టును (ప్రింట్లు ఎక్కడికి పంపాలో చెప్పే సెట్టింగును) దానికి మార్చి, ప్రింట్లను వరుసలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్ సర్వీసును ఆపి, నిలిచిపోయిన ప్రింట్లు తీసేసి తిరిగి నడిపించాడు. ఇందులో కొనవలసిన వస్తువు ఒక్కటీ లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే “పని అయింది గదా” అని పెట్టేశారు.

రౌటర్ మార్చిన తరువాత ప్రింటర్ కనిపించకపోతే ముందుగా ప్రింటర్, కంప్యూటర్ ఐపీ అడ్రసులు ఒకే విధంగా (192.168.0 వంటి ఒకే అంకెలతో) మొదలవుతున్నాయో లేదో పోల్చి చూడండి. మెకానిక్‌కు అప్పగించే ముందు కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి తీసి దాచండి. మార్చిన భాగం చేతికి రానిదే డబ్బు ఇవ్వకండి.

మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము. డబ్బు తిరిగి ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాము, 5 లక్షల రూపాయల వరకు అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు. ఆ దుకాణం నుంచి ‘బోర్డు మార్పిడి’ బిల్లు అందుకున్నవారు మీ పాత పేజీలు వెతికి మ్యాక్ అడ్రసులు పోల్చి చూసి, ఒక్కటే ఉంటే ఇక్కడ తెలియజేయండి.